పెల్ దొర శిష్యుడు

పెళ్లినాటికి సుధాకరరావుకు సిగరెట్టు అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు. ఉన్నదల్లా ఆంబ్రోస్ పెల్. ఆ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదని ఉమ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఒక వారపత్రికకు రాజకీయ కార్టూన్లు గీసి, ఎప్పుడో గోరీలో పడుకున్న దొర నంద్యాల నుంచి సింగపూర్ దాకా వాళ్ల కాపురం వెంట వచ్చాడు. బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో దేవుడి గూడు పక్కనే ఆయన బొమ్మలున్న లావుపాటి బైండు పుస్తకానికి ఒక అర ఉంది. దేవుడి గూటికి వారానికోసారి దుమ్ము దులుపుతారు. ఆ అరకు రోజూ దులుపుతారు.

ఆ ఆదివారం సాయంత్రం వరసగా తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి సుమలత ఒక బల్ల చోప్ చేసింది, అంటే ఇది మాదని పట్టిపెట్టింది. ఆమె తెలుగు సంఘానికి కార్యదర్శి. అధ్యక్షుడు శశికాంత్ సుధాకరరావుకు, ఉమకు కూడా కలిపి నాలుగు టీలు మోసుకొచ్చాడు. సంఘం నడిపే మాసపత్రిక చివరి పేజీలో ఏ నెల ఏ కార్టూన్ రావాలో తేలేది ఈ బల్ల దగ్గరే. తేల్చేది వాళ్లు, గీసేది సుధాకరరావు. పెల్ దొర పత్రికలోనూ ఇదే పద్ధతి. బుధవారం రాత్రి సంపాదకులంతా ఒక బల్ల చుట్టూ భోజనం చేస్తూ ఈ వారం ఎవరిని ఎలా గీయాలో నిర్ణయించేవాళ్లు. పెల్ వినేవాడు, తల ఊపేవాడు, ఇంటికెళ్లి గీసేవాడు. అందుకే సుధాకరరావు ఈ బల్లను 'మన బుధవారం' అంటాడు, ఏ వారం కలుసుకున్నా సరే.

"అన్నా, ఈసారి ఉగాది సంచిక గదా. బొమ్మ జబర్దస్తుగ ఉండాలె" అన్నాడు శశికాంత్.

"వెతుక్కోవడం ఎందుకండీ, ఇవాళ్టి పోటీయే ఉందిగా" అంది సుమలత. అని పకపకా నవ్వింది.

ఆ మధ్యాహ్నం యూ టీ కమ్యూనిటీ క్లబ్బులో పెద్దలకు కథ చెప్పే పోటీ జరిగింది. న్యాయనిర్ణేతలు ముగ్గురు: శశికాంత్, సుమలత, ఉమ. తెలుగు స్వచ్ఛంగా ఉండాలని, పరభాషా పదం దొర్లితే ఒక్కోదానికి ఒక మార్కు కోత అని నియమం పెట్టారు. ఇంగ్లీషును మాత్రం పరభాష కింద లెక్కపెట్టలేదు. ఆ సవరణ ఉమదే. ఇంగ్లీషు లేకుండా మాట్లాడమంటే పోటీకి కుర్చీలు తప్ప ఎవరూ రారని ఆమె అంటే అందరూ నవ్వి సరేనన్నారు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు.

పోటీలో నాలుగో మనిషిగా గోవిందయ్య లేచాడు. ఓడల యార్డులో వెల్డింగ్ చేసి రిటైరైన ముసలాయన. పుట్టింది మలేసియా కొబ్బరితోటల్లో. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి పడవెక్కిన కుటుంబం. ఏటి మీద పలక వంతెన, దాని కింద మకాం వేసిన మొసలి, దాన్ని పట్టడానికి వాళ్ల నాన్న కోడిపుంజును ఎరగా కట్టడం, పుంజు బదులు తోట దొర నీళ్లలో పడటం. కథ అంతే. కానీ గోవిందయ్య చెప్తుంటే హాలు హాలంతా ఊగిపోయింది. ఉమ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఒక చేత్తో పైటచెంగు పట్టి కళ్లు ఒత్తుకుంటూనే, రెండో చేత్తో మార్కులు కోసింది. మొసలిని ఆయన బువాయా అన్నాడు, కోత. నదిని సుంగై అన్నాడు, కోత. కత్తిని పరాంగ్ అన్నాడు, దొరను తువాన్ అన్నాడు, కోత మీద కోత. చివరికి 'నా ఫస్ట్ ట్రెక్కింగ్ ఎక్స్‌పీరియన్స్' చెప్పిన ప్రాజెక్ట్ మేనేజర్‌కు మొదటి బహుమతి వచ్చింది. శశికాంత్ మైకు అందుకుని, "గోవిందయ్య అంకుల్, స్టోరీ సూపర్, బట్ లాంగ్వేజ్ ప్యూరిటీ మెయింటెయిన్ చెయ్యాలె ప్లీజ్" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. గోవిందయ్య కూడా కొట్టాడు.

"తెలుగుతల్లి జ్వరంతో మంచాన పడి ఉంటుందండీ" అని సుమలత బల్ల మీద వేలితో గీసి చూపించింది. "పక్కన ఆ గోవిందయ్య అంకుల్ నాటువైద్యుడిలా సీసా పట్టుకుని నోట్లో పోస్తుంటాడు. సీసాలో మొసలి. కింద 'మలయా జ్వరం' అని రాస్తే చాలు."

శశికాంత్ బల్ల చరిచి మరీ నవ్వాడు. ఉమ కూడా నవ్వింది, తరువాత టీ చల్లారిపోయిందని పక్కన పెట్టింది. సుధాకరరావు తల ఊపాడు. "సరే" అన్నాడు.

బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఆయన కిటికీ పక్క బల్ల మీద మందపాటి కాగితం పరిచాడు. ఇంకు సీసా, పాళీలు, తప్పు గీత గీకడానికి సగం బ్లేడు వరసగా పెట్టుకున్నాడు. మంచం మీద నీడలు ఎలా వేయాలో చూసుకోవడానికి బైండు పుస్తకం దించాడు. ఉమ చిక్కుడుకాయలు వలుస్తూ ఎదురుగా కూర్చుంది.

పెల్ గురించి ఆమెకు తెలియనిది లేదు. బండ్లకు రంగులేసే వాడి కొడుకు. పిల్లల పుస్తకాలకు నక్కలూ కొంగలూ గీస్తూ పైకొచ్చాడు. అప్పట్లో బొమ్మను కాగితం మీద గీసేవారు కాదు. సున్నం పూసిన గట్టి కర్ర దిమ్మె మీద, అదీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. కుడిచేత్తో కత్తి పట్టిన మనిషి కావాలంటే దిమ్మె మీద ఎడమచేతికి కత్తి ఇవ్వాలి. ఆ దిమ్మెను చెక్కేవాళ్లు ముక్కలుగా విడదీసి, తలా ఒక ముక్క పంచుకుని, పెల్ గీతల మధ్య ఉన్న తెల్లదనమంతా తొలిచేవాళ్లు. తెల్లారేసరికి ముక్కలు మళ్లీ బిగించి అచ్చుకు పంపేవాళ్లు. ఆయన చేత్తో గీసిన గీత ఆ ఉలి కిందే పోయేది. జీవితమంతా వారం వారం గీసినవాడి అసలు బొమ్మ ఒక్కటైనా మిగల్లేదన్న మాట చెప్పినప్పుడల్లా సుధాకరరావు గొంతు కాస్త బొంగురుపోతుంది. అప్పుడు మాత్రం ఉమ దెప్పదు.

"ఇది చూడు" అని ఆయన పుస్తకం ఆమె వైపు తిప్పాడు. "ఈ డొక్కలు చూడు. ఒక గీత ఎక్కువ లేదు, ఒక గీత తక్కువ లేదు. ఊపిరి పీల్చేది గూడా తెలుస్తాండాది."

ఉమ చేతులు తుడుచుకుని చూసింది. పెద్ద మేడ గుమ్మంలో బ్రిటన్ దేశపు దేవత నిలబడి విసుగ్గా మొహం తిప్పుకుంది. మెట్ల మీద గోచీ కట్టుకున్న మనిషి, ఒట్టి ఎముకల గూడు, చిప్ప చాచి కూర్చున్నాడు. కింద 'మళ్లీ వచ్చావా?' అని ఇంగ్లీషులో ఉంది.

"ఎవరివండీ ఈ డొక్కలు?"

"ఎవరివంటే? మనోళ్లవే. ధాత కరువప్పటిది. మన సీమ జిల్లాలే."

"మా అవ్వ వాళ్లవ్వ ఆ కరువులో బలుసాకు తిని బతికిందంట" అంది ఉమ. ఇంకా ఆ బొమ్మనే చూస్తోంది. గీతలు నిజంగానే గొప్పగా ఉన్నాయి. ఆ మనిషి మోకాలి చిప్పను చూస్తే చెయ్యి చాచి పట్టుకోవాలనిపించింది. అతని ఆకలిని అంత బాగా తెలుసుకున్న పెల్ చెయ్యి, ఆ ఆకలిని చూసి నవ్వమని చెప్తోంది. "మీ దొర ఎప్పుడన్నా గీయనన్నాడా?"

"ఒక్క వారం గూడా మానలే. జ్వరంతో గూడా గీసినాడు. చివర్లో రాణి సర్ బిరుదు ఇచ్చింది."

"మానడం గాదు నేనడిగేది. 'ఇది నేను గీయను' అన్నాడా అని."

సుధాకరరావు పాళీని గుడ్డతో తుడిచాడు, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచాడు. "ఆయన పని గీయడం. ఏం గీయాలో బల్ల చెప్తాది" అన్నాడు.

"చెయ్యి దేవుడిచ్చినాడు, బల్ల మనుషులు వేసుకున్నారు" అని ఉమ చిక్కుడుకాయల దగ్గరికి వచ్చేసింది. ఆ సాయంత్రం ఆయన మంచం, దుప్పటి, తెలుగుతల్లి ముఖం గీశాడు. మంచం పక్కన వైద్యుడు నిలబడాల్సిన చోటు తెల్లగా ఉంచేశాడు.

శనివారం ఇద్దరూ సెంబవాంగ్‌లో గోవిందయ్య ఇంటికి వెళ్లారు. పెల్ ఎవరినీ ఎదురుగా కూర్చోబెట్టి గీయలేదట, ఒకసారి చూస్తే చాలట. శిష్యుడికి అంత శక్తి లేదు. పోలిక రావాలంటే మనిషి కళ్లముందు ఉండాలి. "మ్యాగజైన్‌లో మీ బొమ్మ వేస్తాండాం అంకుల్, ఒకసారి వచ్చి గీసుకొని పోతాం" అని ఫోన్‌లో చెప్పాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే ఉమకు దారి పొడుగునా గుచ్చుకుంది.

తలుపు గోవిందయ్య భార్య వెంకమ్మ తీసింది. "రండమ్మా, రండి బాబూ. ఈయన పొద్దుటేల నుంచీ ఆ కుర్చీలోనే కూసున్నాడు, సొక్కా నలుగుద్దని" అంది నవ్వుతూ.

గోవిందయ్య తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసి, జేబులో పెన్ను పెట్టుకుని ఉన్నాడు. "ముందు మకాన్, తరవాతే బొమ్మ" అని తినడానికి కూర్చోబెట్టాడు. వెంకమ్మ కొబ్బరికోరు చల్లిన బెల్లపు కుడుములు పెట్టింది. సుధాకరరావు ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అంకుల్, కూర్చుంటే గాదు. నిలబడి ఆ కథ ఇంకోసారి చెప్పండి, నేను గీసుకుంటా" అన్నాడు చివరికి.

ఆయన ఎప్పుడూ పాదాల దగ్గర మొదలుపెడతాడు. మనిషి ఎలా నిలబడతాడో తెలిస్తే ముఖం దానంతట అదే వస్తుందని పెల్ అనేవాడట. గోవిందయ్య పాదాలు ఎడంగా, వేళ్లు నేలను పట్టుకున్నట్టు ఉన్నాయి. ఊగే ఓడ మీద నిలబడి పనిచేసిన పాదాలు. ఎడమ పాదం మీద నిప్పురవ్వలు పడి మాడిన మచ్చలు. సుధాకరరావు పెన్సిలు ఆ మచ్చలను కూడా వదల్లేదు. గోవిందయ్య కథ ఎత్తుకున్నాడు. మోకాళ్లు వంచి మొసలి అయ్యాడు, మెడ చాచి కోడిపుంజు అయ్యాడు, నడుం మీద చేతులు పెట్టుకుని దొర అయ్యాడు. పెన్సిలు ఆయన వెనకాలే పరుగెత్తింది. కాగితం నిండితే తిరగేయడానికి కూడా ఆయన చూపు దించలేదు. కట్టుకున్నవాడి చెయ్యి అంత చురుగ్గా కదలడం ఉమ చూసి చాలాకాలమైంది. ఆమెకు గర్వంగా అనిపించింది, అది ఏ బొమ్మకో గుర్తొచ్చి చూపు తిప్పుకుంది.

కథ అయ్యాక ఉండబట్టలేక అడిగింది. "మార్కులు కోసినందుకు బాధ కాలేదా అంకుల్?"

"ఎందుకమ్మా?" గోవిందయ్య మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టాడు. "అది మా అయ్య సెప్పిన కత. ఆయన బువాయా అన్నాడు, నానూ అదే అన్నాను. మొసలి అనే మాట మీ టీవీల్లో ఇన్నాను గానీ, ఆ సుంగైలో ఉన్నాది బువాయాయే గదా. అయినా ఆటన్నాక కోత ఉంటాది. పర్వానేదు." ఆయన ముఖం వెలిగింది. "నువ్వు బల్లకాడ కూసోని నవ్వినావు సూడు, కళ్లు తుడుసుకోని మరీ. ఇంటికొచ్చి ముందు అదే సెప్పినాను దీనితో. సదువుకున్న తెలుగమ్మ నా కతకి ఏడ్సేలాగ నవ్విందే అని. ఆ కప్పు ఎవులికి కావాలి?"

"ఒకసారా, పదిసార్లు సెప్పాడు" అంది వెంకమ్మ. తరువాత సుధాకరరావు వైపు తిరిగి బతిమాలుతున్నట్టు గొంతు తగ్గించింది. "బాబూ, ఆ పుస్తకాలు కాసిన్ని ఎక్కువ ఇప్పించండి. మలేసియాలో, బాగన్ డాతోలో మా ఓళ్లందరికీ పంపుకోవాలి. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి ఈయన బొమ్మ ఎక్కడా పడనేదు."

"ఇప్పిస్తానమ్మా" అన్నాడు సుధాకరరావు. పెన్సిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు. లిఫ్టు దగ్గర ఉమ ఆయన వైపు చూసింది. ఆయన లిఫ్టు మీట వైపు చూశాడు.

ఇంటికి చేరి చెప్పులు విప్పగానే ఉమ మొదలుపెట్టింది.

"ఆ జ్వరం బొమ్మ గీస్తిరంటే నేను మీతో మాట్లాడను. ముందే చెప్తాండా."

సుధాకరరావు పెన్సిళ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చున్నాడు. ఆయమ్మ ఊరందరికీ పంచుకుంటానంటాది. ఎట్లా చూపిస్తారు వాళ్లకు? ఆ శశికాంత్‌కు ఏం తెలుసని? మైకులో నోరు తెరిస్తే తెలుగు ముక్క ఒకటి రాదు, ఆయనకు ప్యూరిటీ కావాలంట. గురివింద గింజకు తన కింది నలుపు కనపడదంట. ఇంక ఆ సుమలత! నవ్వడానికి మనిషే దొరకలేదా ఆమెకు? అంతా ఆ బల్ల దగ్గర కూర్చున్నోళ్లు చేసిందే."

ఆయన భార్య ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కిటికీ పక్కకు వెళ్లి, సగం గీసిన మంచం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. కొత్త కాగితం పరిచి, దాని నాలుగు మూలలా టేపు అంటించాడు. అంత కాలంలో ఆ చివరి పేజీకి బల్ల చెప్పకుండా ఆయన గీత గీయడం అదే మొదలు. ఉమకు ఆనందం ఆగలేదు. అడగకుండానే కాఫీ కలిపి తెచ్చి పెట్టింది.

మర్నాడు వంటగదిలో పప్పు తాలింపు పెడుతుండగా ఆయన ఫోన్ మాట్లాడుతున్నది వినిపించింది. ఇంకు చేతులతో పట్టుకోవడం ఇష్టం లేక ఎప్పుడూ స్పీకర్ పెడతాడు.

"బల్ల మీద అనుకున్నది గీయలేదు శశీ. వేరేది గీసినా."

"అట్లెట్ల అన్నా? అందరం డిసైడ్ చేసుకున్నం గదా."

"చేసినాం. నేనే సరే అన్నా, తప్పు నాది. ఇది వేస్తే వేయండి. లేదంటే ఆ పేజీ ఖాళీగా వదిలేయండి. మలయా జ్వరం మాత్రం నా చేత్తో రాదు."

"గంత సీరియస్ ఏముందన్నా గండ్ల?" అన్నాడు శశికాంత్.

"నువ్వుండావు దాంట్లో. మైకు పట్టుకొని."

"నేనా?" తరువాత చిన్నగా నవ్వు. "నేనన్న మాటనే రాసినవా కింద? ... సరే, వేద్దాం. గీ దెబ్బ పడాలె నాకు. కానీ కొంచెం బక్కగ గియ్యే, మా ఇంట్ల చూస్తరు."

తాలింపు మాడిపోయింది. ఉమకు పట్టలేదు. చేతులు కూడా కడుక్కోకుండా కిటికీ దగ్గరికి వచ్చింది. మొగుడి భుజం మీదుగా వంగి చూసింది.

అంత బొమ్మ ఆయన మునుపెన్నడూ గీయలేదు. కాగితం మధ్యలో గోవిందయ్య, పాదాలు ఎడంగా పెట్టి, చేతులు రెండూ మొసలి దవడల్లా తెరిచి ఉన్నాడు. ఆయన ముందు నేల మీద తెలుగుతల్లి కిరీటం పక్కన తీసిపెట్టి, చిన్నపిల్లలా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి కథ వింటోంది. పూర్ణకుంభం ఒళ్లో ఒరిగిపోతున్నా ఆమెకు తెలియడం లేదు. అడ్డుగీతల మీద నిలువుగీతలు వేసి, వాటి మీద ఐమూలగా ఇంకో వరస వేసి తెచ్చిన నీడ ఆ ముసలాయన వెనక ఒక కొబ్బరితోటను నిలబెట్టింది. ఆ పాదం మీద మచ్చలు కూడా ఉన్నాయి. వెంకమ్మ ఈ బొమ్మను ఊరూరా పంచుకోవచ్చు.

"మీ దొర ఇట్లాంటిది గీసింటాడా అసలు?" అంది ఉమ.

"ఊరికే అనొద్దు" అన్నాడు ఆయన. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు ఆమె చూపు బొమ్మలో పక్కనున్న బల్ల మీదికి వెళ్లింది. బల్ల వెనక శశికాంత్ మైకు పట్టుకున్నాడు. కింద అక్షరం పొల్లుపోకుండా అతని మాటే ఉంది. సుమలత కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి గడియారం చూపిస్తోంది. మూడో మనిషి ఎవరో వీపు ఇటు తిప్పి కూర్చుని, వంగి కాగితం మీద ఏదో కొట్టేస్తోంది. ముఖం కనపడదు.

"ఇదెవరు?"

"ఎవరో ఒకరు. బల్ల నిండాల గదా."

"ఎవరో అయితే నా పోచంపల్లి చీర ఎందుకు కట్టింది?"

సుధాకరరావు పాళీ తుడవడంలో మునిగిపోయాడు. "అందరూ గుర్తుపడతారు ఉమా. రేపు సంఘంలో నిన్నొక మాట అంటే నాకు..." అని ఆపేశాడు.

ఉమ కుర్చీ లాక్కుని కూర్చుంది. నిన్న తాను అరిచిన అరుపులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బల్ల దగ్గర కూర్చున్నోళ్లు చేసిందే, అన్న మాట దగ్గర ఆయన తన ముఖంలోకి ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. ఇంగ్లీషుకు కోత వద్దన్నది శశికాంత్ కాదు, సుమలత కాదు. ఆ నియమం రాసినరోజు తన చమత్కారానికి తానే మురిసిపోయింది. వారం రోజులుగా ఈ మనిషికి ఆ సంగతి తెలుసు. ఒక్క మాట అనలేదు. అనకుండా, వీపు గీసి తనను దాచాడు. ఆమెకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఒళ్లంతా వేడెక్కేంత సిగ్గేసింది.

ఉగాది రోజున ఆడవాళ్లంతా ఈ పేజీ తిరగేస్తారు. సుమలత మాట్లాడటం మానేస్తుంది. ఊళ్లో ఉన్న అక్కకు ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపుతారు. వీపు అలాగే ఉంటే ఎవరైనా అడిగినప్పుడు తానెవరో చెప్పాల్సిన పని కూడా లేదు. శశికాంత్ ముఖం అందరికీ కనిపిస్తుంది, సుమలత ముఖం అందరికీ కనిపిస్తుంది. సెంబవాంగ్‌లో ఒక ముసలాయన మాత్రం ఆ బల్ల దగ్గర ఒక ముఖం కోసం వెతుకుతాడు.

"ఇటు తిప్పండి" అంది.

"ఏంది?"

"ఆ మూడో మనిషిని. ముఖం ఇటు తిప్పండి."

"పాదాల కాడినుంచి మళ్లీ గీయాల. అది ఊరికే తిప్పేది గాదు."

"గీయండి. నేను కూర్చుంటా."

ఆయన చాలాసేపు ఆమెనే చూశాడు. తరువాత లేచి, బ్లేడుతో ఆ వీపును జాగ్రత్తగా గీకడం మొదలుపెట్టాడు. కాగితం పొట్టు రాలింది. పోగైనప్పుడల్లా నోటితో ఊదాడు. గీకడం చాలని చోట ఆ మేరకు కొత్త కాగితం ముక్క కోసి అతికించాడు, అంచులు కనపడకుండా గోటితో రుద్దాడు. పెన్సిలు చెక్కాడు. ఉమ కాళ్లు సర్దుకుని ఆయనకు ఎదురుగా తిరిగి కూర్చుంది. పాదాలు గీశాడు, చీర కుచ్చిళ్లు గీశాడు, మార్కులు వేసే చెయ్యి గీశాడు. ముఖం దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఎట్ల పెట్టేది ముఖం? కొంచెం బాధపడతాండేట్టు వేస్తా" అన్నాడు మెల్లగా.

"బాధ ఇప్పుడు. ఆ పొద్దు లేదు" అంది ఉమ. "నవ్వుతా ఉండాను. నవ్వుతానే కోసినాను. అట్లే గీయండి."